మే నెల ఎండల్లో నల్లగొండ – మిర్యాలగూడ బస్సు: నా అనుభవం

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా ఇంట్లో జీతం ఎంతని ఎవరూ అడగలేదు. "ఎండలల్ల ఎవరన్న కొత్త నౌకరికి పోతరా బిడ్డా, జూన్ల చేరుతనని చెప్పు" అంది మా అత్తమ్మ. జూన్‌లో చేరతానంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. యాసంగి (రబీ) వడ్లు మిల్లులకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. వాళ్లకు మనిషి కావలసిందీ అప్పుడే. అందుకని 2024 ఏప్రిల్ 22, సోమవారం చేరిపోయాను.

మూడేళ్ల పాప ఉంది. పాపను చూసుకునే అత్తమ్మ నల్లగొండ వదిలి రాదు. మా ఆయన హైదరాబాద్‌లో పని, ఆదివారం వచ్చి పోతాడు. కాబట్టి మిర్యాలగూడలో గది తీసుకునే మాటే లేదు, రోజూ పోయి రావాల్సిందే. ఒకవైపు నలభై కిలోమీటర్ల పైచిలుకు. తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి దాటితే మిర్యాలగూడ. ఎక్స్‌ప్రెస్ అయితే గంట, పల్లెవెలుగు అయితే గంటన్నర దాకా. రైలు కూడా ఉంది గానీ నా డ్యూటీ టైముకు కుదిరేది దొరకలేదు.

టికెట్ గురించి బెంగ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఈ రెండు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు సున్నా టికెట్. కాకపోతే గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. రెండో రోజే ఆధార్ కార్డు ఇంట్లో టీవీ మీద పెట్టి మర్చిపోయాను. ఆ రోజు డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాను.

ప్రయాణం ఉచితం కదా, ఖర్చేముంటుంది అనుకున్నాను. మొదటి వారం చివర కూర్చుని కూడితే రోజుకు 120 రూపాయలు తేలింది. ఇంటి నుంచి బస్టాండుకు ఆటో 20, అక్కడ దిగాక మిల్లుకు 20, సాయంత్రం మళ్లీ అంతే. దానికి తోడు చల్లటి నీళ్ల బాటిల్ 20, నిమ్మసోడా 20. చలికాలంలో అయితే మిల్లుకు నడిచేదాన్ని. బైపాస్ పక్కన పది పన్నెండు నిమిషాల దూరమే. కానీ పొద్దున తొమ్మిదికే ఆ తారు మీద చెప్పులు అతుక్కుంటున్నాయి. మూడో రోజు నడుద్దామని బయలుదేరి సగం దూరంలో ఆటో ఆపాను.

మొదటి వారమంతా ఎక్కడ కూర్చోవాలో నేర్చుకోవడంతోనే సరిపోయింది. నల్లగొండ నుంచి పోయేటప్పుడు పొద్దుటి ఎండ ఎడమచేతి వైపు నుంచి పడుతుంది. సాయంత్రం అదే దారిలో తిరిగి వస్తాం కాబట్టి ఎండ కుడివైపుకు మారుతుందని లెక్కేసుకుని మొదటి రోజు ఎడమవైపు కూర్చున్నాను. నాలాగే పొద్దు కూడా అటు నుంచి ఇటు తిరిగిందన్న సంగతి తట్టలేదు. సాయంత్రం ఎదురెండ, అదీ కొంచెం ఎడమకే. రెండు పూటలా నీడ ఉండేది డ్రైవర్ వైపు సీట్లలో. అందులోనూ డ్రైవర్ వెనక రెండు వరసలు వదిలెయ్యాలి, ఇంజిన్ వేడి పాదాలకు తగులుతుంది. మూడో వరస నుంచి ఆరో వరస దాకా, డ్రైవర్ వైపు, కిటికీ పక్కన కాకుండా మధ్యలో. రోజూ వెళ్లేవాళ్లందరికీ ఇది తెలుసు. అందుకే ఆ సీట్లు ముందు నిండుతాయి. నాకు దొరికింది వారానికి రెండు సార్లు.

నిలబడి వెళ్లే రోజుల్లో పైన కడ్డీ పట్టుకోవడానికి చేతిరుమాలు కావాలి. బస్టాండులో ఎండలో ఆగి ఉన్న బస్సు ఎక్కితే ఆ ఇనుము చేతికి చురుక్కుమంటుంది. సీటు రెక్సిన్ అయితే చీర కట్టుకున్నా, డ్రెస్ వేసుకున్నా తొడల దాకా తెలుస్తుంది. బొట్టుబిళ్ల వేములపల్లి దాటేలోపు జారి ముక్కు మీదికి వచ్చేది. నాలుగో రోజు నుంచి కుంకుమ పెట్టుకుంటే అది ఇంకా ఘోరం. చివరికి ఏమీ లేకుండానే వెళ్లి, మిల్లు గేటు దగ్గర పెట్టుకునేదాన్ని. ఫోన్ కిటికీ వైపు పట్టుకుని పది నిమిషాలు చూస్తే వేడెక్కిందని మెసేజ్ వచ్చి ఆగిపోయేది. దాన్ని టిఫిన్ బాక్సు మీద పెట్టుకుని చల్లార్చేదాన్ని. అందులో పెరుగన్నం ఉండేది కదా.

కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని మీద రోజూ ఒక చిన్న తగాదా. పొద్దున ఎనిమిది దాకా తెరిస్తేనే మేలు. మధ్యాహ్నం తెరిస్తే ముఖానికి పొయ్యి ముందు కూర్చున్నట్టే. మన ఒళ్లే 37 డిగ్రీలు, బయటి గాలి 44 ఉంటే అది చల్లబరచదు సరికదా ఇంకా కాలుస్తుంది. తడిగుడ్డ ఉంటే మాత్రం అదే గాలి పనికొస్తుంది. ఈ కిటుకు నాకు మా మిల్లు హమాలీ ఒకాయన చూపించాడు. తువ్వాల తడిపి, పిండకుండా, తల మీద నుంచి మెడ వెనక్కి వేసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. తిప్పర్తి వచ్చేసరికి తువ్వాల ఎండిపోయింది, మళ్లీ తడిపాడు. రెండు బాటిళ్లలో ఒకటి తాగే నీళ్లది, ఒకటి తువ్వాలది. నేను మరునాడే ప్రకాశం బజార్‌లో 120 పెట్టి పలుచటి కాటన్ చున్నీ కొన్నాను. అంతకుముందు వాడుతున్న సింథటిక్ చున్నీ తడి పట్టనే పట్టదు.

ఇంతవరకు అందరూ పడేదే. నా అసలు కష్టం నీళ్లతో వచ్చింది.

మిల్లు ఆఫీసు అంటే ఒక గది, ఒక కూలర్, కాంటా కనపడేలా ఒక కిటికీ. వచ్చిన లారీల కాంటా చీటీలు రాసుకోవడం, తేమ శాతం రాసుకోవడం, బియ్యం, నూకలు, తౌడు వేరువేరుగా ఎక్కించడం నా పని. బాయిలర్ ఆఫీసుకు అవతలే. ఊక దుమ్ము గాలిలో ఉంటుంది. ఇవన్నీ సర్దుకున్నాను. సర్దుకోలేకపోయింది మరుగుదొడ్డి విషయంలో. ఆవరణకు ఆ చివర, లారీలు ఆగే చోట ఒకే ఒక్కటి ఉంది. లోపల గొళ్లెం లేదు. తలుపుకు కింద రాయి అడ్డం పెట్టుకుని వెళ్లాలి. బయట ఎప్పుడూ నలుగురైదుగురు డ్రైవర్లు నిలబడి ఉంటారు. మొదటి రోజు అక్కడిదాకా వెళ్లి, చూసి, తిరిగి వచ్చాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చేరిన రోజే సేటు దగ్గరికి పోయి మరుగుదొడ్డి గురించి ఏం మాట్లాడతాను?

అందుకని నీళ్లు తగ్గించాను. ఇది తెలిసి చేసిన పని. పొద్దున ఆరింటికి ఇంట్లో ఒక గ్లాసు, బస్సులో రెండు గుక్కలు, మధ్యాహ్నం అన్నంతో ఒక గ్లాసు, సాయంత్రం బస్సు ఎక్కాక సోడా. ఇంటికి వచ్చాక చెంబులు చెంబులు తాగేదాన్ని. బస్సులో రోజూ కలిసే ఒక టీచరమ్మ కూడా ఇంతేనని చెప్పింది. ఏళ్ల తరబడి అలాగే చేస్తోందట, "అలవాటైపోతది" అంది. నాకూ అలవాటవుతోందనే అనుకున్నాను. సాయంత్రాలు తలనొప్పి వచ్చేది, దాన్ని కంప్యూటర్ మీద వేసేదాన్ని.

దారిలో వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాలువ దాటుతాం. ఆ ఏడాది సాగర్‌లో నీళ్లు లేక యాసంగికి కాలువ కింద సాగునీళ్లు వదల్లేదు. బోర్ల కింద పండిన వడ్లే మా మిల్లుకు వస్తున్నాయి. బస్సు ఆ వంతెన మీదికి రాగానే అటువైపు కూర్చున్నవాళ్లందరూ ఒకసారి తొంగి చూసేవాళ్లు. ఏముందని చూస్తారో తెలియదు. నేనూ చూసేదాన్ని.

మే 1న మిల్లుకు సెలవు. 2, 3 తేదీల్లో జిల్లాలో కొన్ని చోట్ల 46 దాటిందని చెప్పుకున్నారు. 45 దాటితే వాతావరణ శాఖ లెక్కలో వడగాలులే. సాయంత్రం ఐదున్నరకు బస్టాండులో నిలబడితే పొద్దు వాలినట్టే ఉండేది కాదు. 3వ తేదీ రాత్రి అత్తమ్మ నా హ్యాండ్‌బ్యాగులో ఉల్లిగడ్డ వేసింది. వడ తగలదట. వద్దంటే వినదు. అది మే నెలంతా నా బ్యాగులోనే ఉంది, కాంటా చీటీలు కూడా ఉల్లిగడ్డ వాసనే.

మే 4, శనివారం. మధ్యాహ్నం రెండు కాగానే సేటు వచ్చి, "ఎండలు మస్తున్నయి మేడమ్, ఇయ్యాల తొందరగ పోండ్రి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేనూ సంతోషపడ్డాను, పాప నిద్ర లేవకముందే ఇంటికి చేరతానని. సాయంత్రం ఐదున్నరకు ఎక్కే బస్సు రెండున్నరకు ఎక్కితే ఏమవుతుందో ఇద్దరికీ తోచలేదు.

2:40కి పల్లెవెలుగు దొరికింది. సీటు ఎడమవైపు, కిటికీ పక్కన. ఆ రోజు పొద్దుటి నుంచి నేను తాగింది లెక్కేస్తే రెండు గ్లాసులు. తొందరలో మధ్యాహ్నం అన్నం సగమే తిన్నాను. వేములపల్లి దాటాక, మాడుగులపల్లి ఇంకా రాకముందు, బస్సు ఆగింది. ముందు ఒక వడ్ల లారీ వెనక టైరు పేలి అడ్డం తిరిగింది. బస్తాలు కొన్ని రోడ్డు మీద పడ్డాయి. మావైపు దారి మొత్తం మూసుకుపోయింది. టైం 3:05. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు.

బస్సు కదులుతున్నంతసేపు అది వడగాలే అయినా గాలి. ఆగాక ఏమీ లేదు. పైన రేకు, కింద తారు. పది నిమిషాలకు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మగవాళ్లు దిగి లారీ నీడలో నిలబడ్డారు. నేను దిగలేదు. సీటు పోతుందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ కాలే సీటు కోసం.

అరగంట దాటాక కుడికాలి పిక్క పట్టేసింది. లోపల ఎవరో తాడు మెలేసినట్టు. నిమురుకుందామని వంగితే కడుపులో తిప్పింది. ఒంటి మీద చెమట కనపడటం లేదు, పట్టిందీ పట్టనట్టే ఆరిపోతోంది. ముఖం మీద ఉప్పు గరగరలాడుతోంది. బాటిల్‌లో అడుగున ఉన్న నీళ్లు తాగితే టీ అంత వేడిగా ఉన్నాయి. అవి తాగిన రెండు నిమిషాలకు కిటికీలోంచి కక్కాను. ఆ తర్వాత ముందు సీటు వెనక రాసిన అక్షరాలు కనపడటం మానేశాయి. పక్కనామె "అమ్మా, అమ్మా" అనడం ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

ఎవరు దించారో నాకు సరిగ్గా గుర్తులేదు. కండక్టరక్క ఒక చెయ్యి, ఇంకెవరో ఒక చెయ్యి. రోడ్డు దిగితే ఒక వేపచెట్టు, దాని కింద అప్పటికే మేకలు పడుకుని ఉన్నాయి. వాటిని అదిలించి నన్ను పడుకోబెట్టారు. "జర జరుగుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి" అని కండక్టరక్క అరుస్తోంది. ఆమె తన బాటిల్ నీళ్లు నా చున్నీ మీద పోసి నెత్తి మీద, మెడ మీద కప్పింది. ఆ క్షణం నాకు ఇంకా ఒంట్లోనే ఉంది. అంత వేడి గాలికి ఆ తడిగుడ్డ మంచులా తగిలింది.

బస్సులో తాటి ముంజల గంపతో ఎక్కిన ఒక పెద్దమ్మ ఉంది. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. ఒక ముంజ తీసి, పైన పలుచటి తోలు గోటితో గీరి, బొటనవేలితో మధ్యలో ఒక్క పోటు పొడిచి, లోపలి నీళ్లు చుక్క చుక్కగా నా పెదాల మీద పిండింది. మొదటిది మళ్లీ కక్కాను. ఆమె ఏమీ అనకుండా కొంగుతో నా మూతి తుడిచి రెండోది తీసింది. "పొద్దుగాల్నుంచి ఎన్ని నీళ్లు తాగినవ్ బిడ్డా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేదు. రెండోది నిలిచింది. మూడు, నాలుగు కూడా. తర్వాత లేచి డబ్బులివ్వబోతే, "గంప మొత్తం కొంటవా ఏంది, పో" అని కసిరింది.

3:50కి దారి ఇచ్చారు. నన్ను డ్రైవర్ వైపు సీటులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కండక్టరక్క నా ఫోన్ తీసుకుని అత్తమ్మకు ఫోన్ చేసింది. బస్సు దిగేసరికి పక్కింటి తమ్ముడు బండితో ఉన్నాడు. అప్పటికి ఐదవుతోంది.

క్లినిక్‌లో జ్వరం 101, బీపీ 90/60. డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, పక్కన కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న: "పొద్దున్నుంచి మూత్రానికి ఎన్నిసార్లు పోయారు?" ఒక్కసారి, ఆరింటికి, ఇంట్లో. ఆమె పెన్ను పక్కన పెట్టి నన్ను చూసింది. మిల్లు సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఇది వడదెబ్బకు ఒక్క మెట్టు కింద, ఇంకో అరగంట ఆ సీటులోనే కూర్చుని ఉంటే మాట వేరేగా ఉండేదని చెప్పింది. మూత్రం పరీక్షలో ఇన్‌ఫెక్షన్ కూడా బయటపడింది. అదీ ఆ రోజుది కాదు, రెండు వారాల దాపరికం.

ఫీజు 300, సెలైన్ రెండు బాటిళ్లు, ఇంజెక్షన్లు కలిపి 650, పరీక్షలు 350, ఐదు రోజుల మందులు 240. మొత్తం 1,540. సోమవారం, మంగళవారం సెలవు పెడితే రెండు రోజుల జీతం కోత. సున్నా టికెట్ నెలంతా మిగిల్చిన డబ్బులో సగం ఒక్క మధ్యాహ్నానికే పోయింది.

మందుల షాపులో ఇంకో సంగతి తెలిసింది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. నేను అంతకుముందు గ్లాసులో చెంచా చొప్పున వేసుకుని, ప్యాకెట్ మూతి మడిచి వారం దాచుకునేదాన్ని. "అట్ల తాగితే లెక్క తప్పుతదమ్మా, కలిపినంక ఒక్క రోజులనే అయిపోగొట్టాలె" అన్నాడు షాపాయన.

7వ తేదీ సాయంత్రం గాలిదుమారం, వాన. మా వీధిలో కరెంటు పోయింది. పాపను ఎత్తుకుని వాకిట్లో నిలబడితే మట్టి వాసన. మిల్లులో ఎన్ని వడ్లు తడిసి ఉంటాయో అని కూడా అనిపించింది, రెండు వారాలకే అంత మిల్లు మనిషినయ్యాను. మరునాడు 8న మళ్లీ బస్సు ఎక్కాను. అత్తమ్మ మానెయ్యమని ఒకసారే అంది. నేను తల అడ్డంగా ఊపితే ఇంకేమీ అనకుండా లోపలికి పోయి, తైదంబలి (రాగి అంబలి) కలిపి స్టీలు బాటిల్‌లో పోసిచ్చింది. ఉప్పు, సల్ల, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. పదింటికి తాగితే ఒంటిగంట దాకా ఆకలి కాదు, దాహమూ తక్కువే.

మిల్లుకు వెళ్లే ముందు మిర్యాలగూడలో హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆటో ఆపాను. ఇనుప గొళ్లెం 70, స్క్రూలు 10. షాపులో కుర్రాడు "ఏ తలుపుకక్కా?" అని అడిగితే "బాత్రూంకి" అన్నాను, గట్టిగానే. మిల్లులో తడి తువ్వాల కిటుకు చూపించిన హమాలీకే వాటిని ఇచ్చాను. ఆయన ఏమీ అడగలేదు. మధ్యాహ్నం అన్నం టైములో పావుగంటలో బిగించి, "ఇగ మంచిగైంది చెల్లె" అని చెప్పి పోయాడు. అంతే. రెండు వారాల నా భయానికి మందు 80 రూపాయలు, పావుగంట.

సాయంత్రం వడ్లు ఊడ్చే ఆడవాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చి ఆ గొళ్లెం నువ్వే పెట్టించావా అని అడిగింది. వాళ్లు ఎనిమిది మంది. అంతకుముందు ఎట్లా అని అడిగాను. "పొద్దుగాల నాలుగింటికే ఇంటికాడ పోయస్తం. మల్ల ఇంటికి పోయినంకనే" అంది. ఎండలో పని చేసేది వాళ్లు. నేను కూలర్ ముందు కూర్చునేదాన్ని.

సేటుతో కూడా మాట్లాడాను, టైము గురించి. మధ్యాహ్నం తొందరగా పంపితే ఇంకా ప్రమాదమని చెబితే మొదట అర్థం కాలేదు, తర్వాత అయింది. పొద్దున తొమ్మిదిన్నర బదులు ఏడున్నరకే వస్తాను, మధ్యాహ్నం రెండు గంటలు ఆఫీసులోనే పడుకుంటాను, సాయంత్రం ఆరు దాటాకే బస్సు ఎక్కుతాను అన్నాను. ఒప్పుకున్నాడు. వడ్ల లారీలు తెల్లారేసరికే వస్తాయి కాబట్టి ఆయనకూ లాభమే. అప్పటి నుంచి పొద్దున 6:10 బస్సు. అందులో సీటు దొరుకుతుంది, గాలి ఇంకా గాలిలాగే ఉంటుంది. ఇంట్లో నుంచి ఐదూ నలభైకి బయటపడాలి, తిరిగి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. ఎనిమిదిన్నరకు పాప పడుకుంటుంది. మాకు మిగిలేది ఆ ఒక్క గంట. ఎండ తప్పింది గానీ దానికి ఇచ్చుకున్నది ఇది. ఇప్పటికీ ఇది సరైన బేరమో కాదో నాకు తెలియదు.

మే 13న లోక్‌సభ పోలింగ్. ఎండల వల్ల సాయంత్రం ఆరు దాకా సమయం పెంచారు. నేను ఏడింటికే వెళ్లి ఓటు వేసి వచ్చాను. ముందు రెండు రోజులు ఊళ్లకు వచ్చేవాళ్లతో బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు.

25న రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నా దగ్గర రెండు బాటిళ్లు, ఒకటి తాగేవి, ఒకటి చున్నీకి. మిర్యాలగూడ బస్టాండులో దిగగానే ఒకసారి బాత్రూంకి, మిల్లులో రెండు సార్లు, బస్సు ఎక్కేముందు ఒకసారి. లెక్క పెట్టుకుని మరీ తాగుతున్నాను, మూడు లీటర్లకు తగ్గకుండా. బస్సు ఎక్కడన్నా ఐదు నిమిషాల కంటే ఎక్కువ ఆగితే సీటు వదిలేసి దిగిపోతున్నాను, నీడ కనపడితే చాలు. టీచరమ్మకు ఇదంతా చెప్పాను. వడదెబ్బ సంగతి వింది, గొళ్లెం సంగతి రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకుంది.

ముంజల పెద్దమ్మ కోసం రోజూ వేములపల్లిలో కిటికీలోంచి చూస్తున్నాను. మళ్లీ కనపడలేదు. నేను ఇప్పుడు ఎక్కే బస్సులు ఆమె బేరానికి కుదిరేవి కావు.

నిన్న మిల్లులో చూస్తే గొళ్లెం ఒకవైపు వదులై వేలాడుతోంది. తొమ్మిది మందిమి వాడుతున్నాం కదా, స్క్రూ ఊడింది. రేపు ఇంట్లోంచి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లాలి.